పద్దెనిమిదో పళ్లెం

తెల్లవారుజామున అజానుకు ముందు సీ ఖమైస్ రోజూ ఒక పని చేసేవాడు. మంచం మీంచి కాళ్లు దించి, కుడి పాదాన్ని చల్లటి సిమెంటు నేలకు ఆనించి, మడమ పైకెత్తి, బొటనవేలిని వెనక్కి వంచి చూసుకునేవాడు. వేలు వంగితే "అల్‌హందులిల్లా" అని తనలో తాను అనుకున్నట్టు అని, లేచి నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే వజూ నీళ్ల కోసం పెరట్లోకి వెళ్లేవాడు. పక్కన మన్నూబియా కళ్లు మూసుకునే ఉండేది. కానీ ఆ మాట చెవిన పడేదాకా ఆమెకు ఊపిరి ఆడేది కాదు. మాట వినబడిందా, దుప్పటి లాక్కుని ఇంకో పావుగంట పడుకునేది. వినబడలేదా, లేచి గుడ్డ తడిపి తెచ్చేది.

ఒక్క బొటనవేలికి అంత విలువేమిటని ఆ దీవిలో ఎవరూ అడగరు. నమాజులో కూర్చునేటప్పుడు కుడి పాదం నిలబెట్టి, ఆ వేలు వంచి, దాని మొన కాబా వైపు ఉండేలా నేలకు ఒత్తి పెట్టాలి. మోకాళ్లు వంచలేనివాడు, కూర్చోలేనివాడు ఇంట్లో ఎలా చేసుకున్నా దేవుడు ఒప్పుకుంటాడు. ముందు నిలబడి, అన్నీ చేయగలిగిన పదిమంది చేత నమాజు చేయించడం మాత్రం అలాంటివాడికి తగదని వాళ్ల పెద్దలు పాటిస్తూ వచ్చారు. సీ ఖమైస్ ఆ ఊరి చిన్న మసీదుకు ముప్ఫై ఏళ్ల నుంచి ఇమాం. ఆ ఊరికి ఆయన అన్నీ ఆ మసీదు గోడలోని మెహ్రాబు గూడు ముందు నిలబడే చేశాడు. అది పోతే తానేమవుతాడో ఆయనకూ తెలియదు, మన్నూబియాకూ తెలియదు.

మనిషి పొట్టి. మాట నెమ్మది. పగలంతా వాకిట్లో కూర్చుని, జాలరులు చేపలు చిక్కేలా సముద్రంలో పాతే ఖర్జూరపు మట్టల దడులకు తాళ్లు పేనేవాడు. బాలింత ఉన్న ఇంటి పక్కనుంచి తెల్లవారుజామున వెళ్లేటప్పుడు చెప్పులు చేత్తో పట్టుకునేవాడు. మధ్యాహ్నం నమాజుకు జాలరి ఫర్జానీ పడవ ఇంకా రేవుకు రాకపోతే, ఏదో పుస్తకం వెతుకుతున్నట్టు మసీదు అలమర ముందు నిలబడి కాస్త ఆలస్యం చేసేవాడు. ఆయన ఎందుకు వెతుకుతున్నాడో అందరికీ తెలుసు. పుస్తకం ఎప్పుడూ దొరికేది కాదు. ఫర్జానీ ఉప్పు తడి కాళ్లతో లోపలికి రాగానే వెతకడం ఆగిపోయేది.

ఊరు ఆయన రుణం చేపలతో తీర్చుకునేది. పొద్దున్నే గుమ్మానికి ఎవరో ఒకరు సార్డీన్ చేపలు తగిలించి వెళ్లేవారు. ఇంకొకరు ఆక్టోపస్ ముక్క, మరొకరు ఎండబెట్టిన చిన్న చేపలు. ఎవరు పెట్టారో చెప్పేవారు కాదు, ఆయన అడిగేవాడు కాదు.

అన్నిటికంటే పెద్దది రంజాన్ పండుగ పొద్దు. ఆ దీవిలో నెల ఉపవాసాలు ముగిసిన ఉదయాన ప్రతి ఇంటా ఉప్పు చేప ఉడుకుతుంది. దాని పక్కన శర్ములా ఉంటుంది. ఎండుద్రాక్ష, ఉల్లిపాయలు ఆలివ్ నూనెలో గంటలు గంటలు మగ్గబెట్టి చేసే తియ్యటి ముద్దకూర అది. పండుగ నమాజు అయ్యాక సీ ఖమైస్ తన గుమ్మం ముందు చాప మీద కూర్చునేవాడు. పద్దెనిమిది ఇళ్ల ఆడవాళ్లు సముద్రం ఒడ్డునుంచి పైకి, ఇళ్ల వరస ప్రకారం, పళ్లాలు తెచ్చేవారు. ఆయన ప్రతి పళ్లెంలో రొట్టె తుంచి ఒక ముద్ద తిని, ఆ ఇంట్లో ఉన్నవాళ్లకూ పోయినవాళ్లకూ పేరుపేరునా దువా చేసేవాడు. ఇమాం ముద్ద తిన్నాకే ఆ ఇంట్లో మిగతావాళ్లు తినేది. చివరి పళ్లెం ఎప్పుడూ సాల్హాది. ఉప్పు మడుగు పక్కన, ఊరి కొసన ఆమె ఇల్లు. కొడుకు సముద్రంలో పోయాడు. అతని దడిని ఫర్జానీయే చూసుకుంటూ, పడిన చేపలో సగం ఆ ముసలమ్మకు తెచ్చిచ్చేవాడు. ఆ చేపలో మంచిది ఒకటి ఆమె నెలంతా ఉప్పులో దాచి, పండుగ పళ్లెంలో పెట్టేది.

సీ ఖమైస్‌కు యాభై రెండో ఏట, పండుగ మర్నాడు, వేలికి నిప్పంటుకున్నట్టయింది. ఎర్రగా వాచి నిగనిగలాడింది. దుప్పటి అంచు తగిలినా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఫర్జానీ వీపు మీద ఎక్కించుకుని ఆసుపత్రి గదికి తీసుకెళ్లాడు. డాక్టరు మంగళవారాలే వస్తాడు. మిగతా రోజులు నర్సు వహీదాయే అంతా.

"షేకూ, నీ బొటనవేలు నీకంటే ముందే ముసలిదైపోయింది," అన్నాడు ఫర్జానీ బల్ల మీద దించుతూ. "దీనికో పెళ్లి చేసి పంపించేద్దాం."

"నువ్వు బయట కూర్చో ఫర్జానీ. నీ దగ్గర చేపల వాసన," అంది వహీదా.

"నా దగ్గర కాక డాక్టరు దగ్గరొస్తుందా?"

రక్తం పడవ మీద స్ఫాక్స్ పట్నానికి వెళ్లి, కాగితమై తిరిగొచ్చింది. రక్తంలో యూరిక్ యాసిడ్ పేరుకుందని, అది సన్నటి సూదుల్లా కీళ్లలో గుచ్చుకుంటోందని వహీదా వివరించింది. ఆమె చెప్పేది మన్నూబియా వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. సార్డీన్లు, ఎండుచేపలు, కార్జం, ఆక్టోపస్ తగ్గించాలి. తియ్యటి సీసా పానీయాలు, తేనె పాకంలా కాచే టీ, ఎండుద్రాక్ష తగ్గించాలి. గుడ్డు, పెరుగు, కూరగాయలు, రొట్టె తినొచ్చు. నీళ్లు కుండలకు కుండలు తాగాలి. రంజాన్‌లో అయితే సూర్యుడు దిగినప్పటి నుంచి తెల్లవారుజాము సహరీ భోజనం దాకా.

"ఈ చిన్న మాత్ర నొప్పికి, కొన్నాళ్లే," అంది వహీదా. "ఈ తెల్లది మాత్రం రోజూ. నొప్పి ఉన్నా లేకపోయినా. బతికున్నంత కాలం. సీ ఖమైస్, వింటున్నావా? మొదట్లో కొన్ని నెలలు నొప్పి మళ్లీ రావచ్చు. లోపలున్నది కరిగేటప్పుడు కదులుతుంది. అప్పుడు భయపడి మానొద్దు."

"ఒంట్లో నొప్పి లేనప్పుడు మందెందుకమ్మా?"

"వాన రానప్పుడే కప్పు వేసుకుంటాం కదా."

ఆయన నవ్వి తలూపాడు. ఆయన తలూపితే ఊరంతా విన్నట్టే అనుకుంటుంది. మన్నూబియాకు మాత్రం ఆ తలూపుడు ఎలాంటిదో తెలుసు.

పదిరోజులు సరిగ్గానే వేసుకున్నాడు. పదకొండో రోజు సూర్యుడు దిగాక చేసే నమాజులో, రెండో విడత రకాతులో, కడుపులో గుడగుడమంది. నొప్పికిచ్చిన చిన్న మాత్ర కడుపును వదులు చేస్తుందని వహీదా చెప్పింది గాని, నమాజు మధ్యలో వజూ శుద్ధి పోతే ఇమాం ఏం కావాలో ఆమె చెప్పలేదు. ఆయన ముక్కులోంచి రక్తం కారినవాడిలా ముక్కు మీద చెయ్యి పెట్టుకుని, వెనక్కి జరిగి, ఫర్జానీని ముందుకు నెట్టి బయటికి పరుగెత్తాడు.

తరవాత ఫర్జానీ వాకిట్లోకి వచ్చి గోడకు చేరగిలబడ్డాడు. "నువ్వు పారిపోతుంటే నేనూ నీ వెనకే వచ్చేద్దామనుకున్నా. ముందు నిలబడేసరికి ఒక్క సూరా గుర్తు రాలేదు. ఉన్నవాటిలో చిన్నది చదివి గట్టెక్కా. వెనక మా వాళ్లు నవ్వాపుకోలేక చచ్చారు."

సీ ఖమైస్ కూడా నవ్వాడు. కానీ మర్నాటి నుంచి రెండు మాత్రలూ మానేశాడు. కడుపును వదులు చేసేది ఒకటే, రెండోది ఏ పాపమూ ఎరగదు. ఆయన దృష్టిలో మాత్ర అంటే మాత్రే, రెండూ ఒకే సంచిలోంచి వచ్చాయి. నొప్పి ఎలాగూ లేదు. సంచి తీసుకెళ్లి మసీదు అలమరలో, ఎప్పుడూ దొరకని ఆ పుస్తకం పక్కన పెట్టాడు.

ఆ ఏడాది నొప్పి నాలుగుసార్లు వచ్చింది. చలికాలంలో నొప్పి వచ్చినప్పుడు, మసీదు అలమరలోంచి తెప్పించిన సంచి వహీదా కంటబడింది. ఆమె తిట్టలేదు. మాత్రలు బల్ల మీద పోసి లెక్కపెడుతూ కూర్చుంది. "ఒక్క మాట నాతో అంటే మోతాదు తగ్గించేదాన్ని కదా," అంది చివరికి. అది విని సీ ఖమైస్ సిగ్గుపడ్డాడు. ఈసారి నిజంగా మాటిచ్చాడు. రంజాన్ వచ్చింది. సూర్యుడు దిగాక మాత్ర, నీళ్లు, మళ్లీ సహరీకి నీళ్లు. మన్నూబియా సార్డీన్లను పక్కింటి పిల్లులకు వేసింది. గుమ్మానికి తగిలించినవాళ్లకు తెలియకుండా పెరటి వైపునుంచి.

మిగిలింది పండుగ పళ్లాలు. రంజాన్ చివరి వారం మన్నూబియా ఇంటింటికీ వెళ్లింది. "ఈసారికి ముద్ద తినడు, కాలు బాగోలేదు, పళ్లెం మీద చెయ్యి పెట్టి దువా మాత్రం చేస్తాడు, ఏమీ అనుకోకండి." ఎవరూ ఏమీ అనుకోలేదు. "కాలు బాగుపడితే మాకంతకంటే ఏం కావాలి ఖాల్తీ," అన్నారు పిన్నిని పలకరించినట్టు. పదిహేడు ఇళ్లు తిరిగేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది, ఉపవాసం, నోరు పిడచకట్టుకుపోయింది. ఉప్పు మడుగు దాకా ఇంకో పావుమైలు. రేపు చెబుదాంలే అనుకుని ఆమె వెనక్కి తిరిగింది. మర్నాడు పిండివంటల పనిలో పడింది. ఆ తరవాతి రోజు మర్చిపోయింది.

పండుగ పొద్దున పదిహేడు పళ్లాలూ సక్రమంగా వచ్చాయి, వెళ్లాయి. ఆయన ప్రతిదాని మీదా చెయ్యి పెట్టాడు. చివర సాల్హా వచ్చింది, కర్ర ఒక చేత్తో, పళ్లెం ఒక చేత్తో. ఆయన చెయ్యి పెట్టి, ఆమె కొడుకు పేరు చెప్పి దువా చేసి, "దేవుడు నీ చేతుల్ని చల్లగా చూడాలి ఖాల్తీ, లోపల పెట్టు," అన్నాడు.

సాల్హా పళ్లెం పట్టుకుని అలాగే నిలబడింది. ఆయన చేతివైపు చూసింది. రొట్టె తుంచుతాడేమోనని చూసింది. తుంచలేదు. "మంచిది నాయనా," అని పళ్లెం మీద గుడ్డ మళ్లీ కప్పుకుని, వచ్చిన దారినే వెళ్లిపోయింది. లోపల గిన్నెలు సర్దుతున్న మన్నూబియాకు అప్పుడు గుర్తొచ్చింది. గుమ్మంలోకి వచ్చేసరికి ముసలమ్మ మలుపు తిరిగిపోయింది.

నాలుగో రోజు ఫర్జానీ చేప ఇవ్వడానికి వెళితే ఆమె తీసుకోలేదట. తలుపు సగమే తీసి మాట్లాడిందట.

"ఏమందో చెప్పు," అన్నాడు సీ ఖమైస్.

ఫర్జానీ నేల చూశాడు. "ఇమాం తినలేదంటే అందులో ఏదో ఉండే ఉంటుంది, అంది. పోయినవాడి దడిలో చేప నేను ఇంకెవరికీ పెట్టను, నువ్వూ తేవొద్దు, అంది."

సీ ఖమైస్ లేవబోయాడు. లేవలేకపోయాడు. అంతకుముందు రోజే వేలు మళ్లీ మండింది. వహీదా ముందే చెప్పిన నొప్పే అది, మందు పని చేస్తున్నప్పుడు వచ్చేది.

"నేను వెళ్లి చెబుతా, తప్పు నాది," అంది మన్నూబియా.

"వద్దు. పళ్లెం నా ముందు పెట్టింది. నేను వెళ్లి, ఆమె ఇంట్లో కూర్చుని, ఆమె పెట్టింది తిని చెప్పాలి. రెండు రోజుల్లో తగ్గుతుంది."

రెండు రోజుల్లో తగ్గలేదు. పన్నెండో రోజు పొద్దున, నేల మీద పాదం ఆనించి ఆయన "అల్‌హందులిల్లా" అన్న పొద్దునే, సాల్హా నిద్రలోనే పోయిందని కబురొచ్చింది.

శవం ముందు చేసే జనాజా నమాజులో వంగడం ఉండదు, కూర్చోవడం ఉండదు, నిలబడితే చాలు. సీ ఖమైస్ నిలబడ్డాడు. ఇంటికొచ్చాక మన్నూబియా పదిహేడిళ్ల సంగతి, ఎండ సంగతి, పిండివంటల సంగతి అన్నీ చెప్పుకుని ఏడ్చింది. ఆయన విని, ఆమె తల మీద చెయ్యి వేశాడు. "నువ్వు చెప్పాల్సిన మాట కాదది. రెండు మాటలు నేనే అప్పుడే అని ఉంటే సరిపోయేది," అన్నాడు. మళ్లీ జీవితంలో ఆ ఊసెత్తలేదు.

కానీ ఆ తరవాతి పండుగకు ఆయన పదిహేడు పళ్లాల్లోనూ తిన్నాడు. ఏ ఇంటి ముద్దా చిన్నది చేయలేదు. గుమ్మానికి తగిలించిన సార్డీన్లు పిల్లులకు వెయ్యనివ్వలేదు. తెల్ల మాత్ర కూడా మానేశాడు. దాన్ని నమ్ముకుని ముసలమ్మ మనసు విరిచాను, కాలూ దక్కలేదు, అనుకున్నాడేమో. పైకి మాత్రం మన్నూబియాతో "మరిచిపోతున్నానే," అనేవాడు. ఆమె నీళ్ల గ్లాసూ మాత్రా చేతిలో పెడితే, తీసుకుని చొక్కా జేబులో వేసుకునేవాడు. ఉతికేటప్పుడు అవి జేబులో కరిగి తెల్లగా అంటుకుని కనిపించేవి.

ఏడేళ్లు గడిచాయి. వేలి కణుపు మీద బఠాణీ అంత గడ్డ లేచింది, ఆ తరవాత చెవి అంచున ఇంకొకటి. ఒకసారి వేలిది పగిలి సున్నం లాంటి పొడి రాలింది. మసీదులో ఆయన కూర్చునే సమయం పెరుగుతూ వచ్చింది. వెనక వరసలో ఎవరూ విసుగుతో దగ్గేవారు కాదు. ఆయన నుదురు నేలకు ఆనించే సజ్దా నుంచి లేవడానికి రెండు చేతులూ నేలకు ఊని తంటాలు పడుతుంటే, ముందు వరసలో ఉన్న ఫర్జానీ తానూ రెండు చేతులూ ఊని, అంతే మెల్లగా లేచేవాడు. ఫర్జానీని చూసి పక్కవాళ్లూ అలాగే. బయటనుంచి చూసేవాడికి ఆ ఊళ్లో మగవాళ్లందరికీ ఒకేసారి ముసలితనం వచ్చిందనిపిస్తుంది.

పొద్దున పూట "అల్‌హందులిల్లా" మాత్రం ఆగలేదు. రోజూ వినబడేది. మన్నూబియా రోజూ ఊపిరి వదిలేది. ఒకనాడు ఆయన పాదం వేడినీళ్లలో కడుగుతూ ఆమె వేలు పట్టుకుని చూసింది. కొయ్య మేకులా ఉంది. అటూ రాలేదు, ఇటూ రాలేదు.

"ఇది ఈ పొద్దున వంగిందా?"

"లేదు."

"నిన్న?"

"ఏడాదయింది వంగక."

"మరి రోజూ ఆ మాట అంటున్నావు."

"వేలు వంగితేనే దేవుణ్ణి తలుచుకోవాలా మన్నూబియా," అన్నాడు. పాదం నీళ్లలోకి తీసుకుంటూ, "నువ్వు ఇంకాసేపు పడుకుంటావని కూడా," అన్నాడు.

ఆ శుక్రవారం ఫర్జానీని పిలిచాడు. "ఇన్నాళ్లూ నా వెనక మీ నమాజు సరిగా జరిగిందో లేదో నాకు తెలియదు. ఇక నేను ముందు నిలబడను."

"మా నమాజు సంగతి మేమూ దేవుడూ చూసుకుంటాం. నువ్వెందుకు మధ్యలో?"

"ఇమాం అంటేనే మధ్యలో ఉండేవాడు కదరా."

ఫర్జానీ ఆయన చేయి తీసుకుని ముద్దు పెట్టుకుని వెళ్లిపోయాడు. ఊరంతా కలిసి ఫర్జానీ రెండో కొడుకు మెహ్రెజ్‌ను ముందు నిలబెట్టింది. బడిలో పంతులు, కురాను కంఠతా వచ్చినవాడు. సీ ఖమైస్‌కు చివరి వరసలో, గోడ పక్కన, ఒక కుర్చీ వేశారు.

ఆ తరవాతే ఆయన తెల్ల మాత్ర రోజూ వేసుకోవడం మొదలుపెట్టాడు. చిన్న మోతాదుతో ఆరంభించి వహీదా పెంచుకుంటూ వచ్చింది. మొదట్లో నొప్పులు వచ్చాయి. ఈసారి మానలేదు. మళ్లీ రంజాన్ వచ్చేసరికి కాగితం మీద అంకె దిగింది. నొప్పి రాలేదు. మూత్రపిండాలు కొంత దెబ్బతిన్నాయి గాని నిలకడగా ఉన్నాయి. గడ్డలు కరుగుతున్నాయి. వేలు మాత్రం వంగదంది వహీదా. కీలు లోపల అరిగిపోయిందట.

"అంత కష్టపడి ముద్ద మానుకున్నాను ఆ ఏడు," అన్నాడు సీ ఖమైస్.

వహీదా కలం పక్కన పెట్టింది. "నేను మానమనలేదు సీ ఖమైస్. తగ్గించమన్నాను. తెల్ల మాత్ర రోజూ వేసుకుంటూ, ఏడాదికొక్క పొద్దు ఇంటికొక చిటికెడు తిని ఉంటే సరిపోయేది. సగం పనికి పైన మాత్రే చేస్తుంది. మొదటిరోజే చెప్పాను."

ఆయన తలూపాడు. ఇది మన్నూబియాకు తెలిసిన పాత తలూపుడు కాదు.

రంజాన్ చివరి రోజు మధ్యాహ్నం మెహ్రెజ్ వచ్చాడు. ఇమాంగా అతనికది మొదటి పండుగ. మన్నూబియా వంటింట్లో ఎండుద్రాక్షకు తొడిమలు తీస్తూ కూర్చుంది. ఇద్దరి మాటలూ ఆమెకు వినబడుతున్నాయి.

"రేపు పళ్లాలు మా గుమ్మానికి వస్తాయంటున్నారు సీ ఖమైస్. నాకెలాగో ఉంది. ఇక్కడికే తెమ్మని చెప్పనా?"

"వద్దు. ఇమాం ఎక్కడుంటే అక్కడికే రావాలి. ఒడ్డునుంచి మొదలవుతాయి. ఎవరిదీ ముందు, వెనక చెయ్యకు. నీకేదైనా పడకపోతే పడదని నోటితో చెప్పు, చేత్తో చెప్పకు. పోయినవాళ్ల పేర్లు కాగితం మీద రాసిచ్చాను, పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నాను."

"పదిహేడు అయ్యాక నాదొక పని ఉంది. చేసిపెడతావా?"

"చెప్పండి."

"ఉప్పు మడుగు పక్కన మూసిన ఇల్లుంది చూడు, సాల్హాది. ఏడేళ్లు ఇమాంగా ఉండి ఆ గడప దాకా వెళ్లే ధైర్యం చేయలేకపోయాను. ఇప్పుడు ధైర్యం వచ్చింది, కాలు రాదు. వచ్చినా ఆ ముద్ద ఇమాం తినాల్సింది, నేనిప్పుడు ఇమాంను కాను. మన్నూబియా పళ్లెం సిద్ధం చేసి ఇస్తుంది. చేప మీ నాన్నను అడిగాను, ఆ దడిలోదే తెస్తానన్నాడు. ఆ గడప మీద కూర్చుని, ఒక ముద్ద, చిన్నది కాదు, మామూలు ముద్ద, తిను నాయనా. తిన్నానని ఆమె పేరు పెట్టి చెప్పు."